వీడియోలో లేవని చెయ్యి

మొన్న ఆదివారం ఆరాధన నుంచి వచ్చి చెప్పులైనా విప్పకముందే మా అమ్మాయి లాప్‌టాప్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. కాలేజీలో బొమ్మల సినిమా ఒకటి చేయమన్నారట. ఒక పిల్లి, ఒక గొడుగు, నాలుగు చినుకులు, అంతా కలిపి రెండు నిమిషాలు. గీయడం అయిపోయింది, ఇక దాన్ని ఫోన్లోనైనా టీవీలోనైనా ఆడే వీడియో ఫైలుగా మార్చడమే మిగిలింది. ఎక్స్‌పోర్ట్ కొట్టేశాను, చూస్తూ ఉండు నాన్నా, టీ పెట్టుకొస్తాను అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. తెర మీద సన్నటి నీలం గీత ఎడమ చివర పుట్టి కుడివైపు పాకడం మొదలుపెట్టింది. అంతే, నా అరచేతులు చల్లబడిపోయాయి. టీ నీళ్ళు మరిగేలోపే ఆ గీత చివరిదాకా వెళ్ళి, పని అయిపోయిందని చెప్పి మాయమైంది. నేను మాత్రం ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణైపోయి, లైటు స్విచ్చి ముట్టుకోవడానికి కూడా భయపడే ఒక మేడ గదిలో కూర్చుని ఉన్నాను.

టీ తెచ్చాక, మొదటి నుంచి చివరిదాకా చూశావా అని అడిగాను. గీసేటప్పుడు యాభైసార్లు చూశానంది. గీసేటప్పుడు చూసింది లెక్కలోకి రాదు, బయటికొచ్చిన ఫైలు చూడాలి, పిల్లి తోక, కనురెప్పలు, చినుకులు, కదలాల్సిన ప్రతీదీ కదిలిందో లేదో చూడాలి అన్నాను. నా గొంతులో ఏం వినిపించిందో గానీ నవ్వబోయి ఆగిపోయింది. మా ఇంట్లో నా మాటల్ని నాలుగుతో భాగించి వినే అలవాటు ఉంది. సముద్రంలో బస్సంత చేపను చూశానంటే, పోనీలే ఆటో అంత ఉండి ఉంటుంది అనుకుంటారు. ఆ రోజు మాత్రం భాగించకుండా పక్కన కూర్చుని రెండు నిమిషాలూ చూసింది. తోక కదిలింది. చినుకులు పడ్డాయి. అయినా సాయంత్రంలోపు నేను ఇంకో మూడుసార్లు వేసి చూశాను.

అప్పట్లో మేము కూర్మన్నపాలెంలో, జంక్షన్ వెనక రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. చుట్టుపక్కల అందరూ స్టీల్ ప్లాంట్ వాళ్ళే. మా నాన్న యాకోబు మాత్రం ప్లాంటు మనిషి కాదు. ఆ దారిలోనే ఒక ప్రైవేటు షెడ్డులో క్రేన్ ఆపరేటరు. పెద్ద పెద్ద ఇనప దూలాలు కోసి అతికించే షెడ్డు. పేరు అనవసరం, ఇప్పుడు అక్కడ గోడౌన్లు ఉన్నాయి. కప్పు కింద రెండు గోడల మీద పట్టాలు, పట్టాల మీద క్రేను, క్రేనుకు వేలాడే చిన్న గాజు గదిలో నాన్న. కింద మోత ఎంతంటే, తుమ్మినవాడికి తన తుమ్ము వినపడేది కాదు. పైనున్నవాడికి కిందివాడి మాట వినపడదు, చెయ్యి ఒక్కటే కనపడుతుంది. చూపుడువేలు పైకి పెట్టి గిరగిరా తిప్పితే ఎత్తమని. వేలు కిందికి పెట్టి తిప్పితే దించమని. అరచెయ్యి అడ్డంగా చాపితే ఆగమని. ఆ చెయ్యి చూపించే సిగ్నల్‌మాన్ అప్పలసామి మావయ్య. చుట్టం కాదు, మతం కూడా వేరే, పదేళ్ళ స్నేహం. నాన్నా ఆయనా ఒకరినొకరు బావా అనుకునేవాళ్ళు. మా వీధిలో నీళ్ళు రాని రోజు రెండు బిందెలు మోసుకొచ్చి గుమ్మంలో దింపి, మాట్లాడకుండా వెళ్ళిపోయే మనిషి.

నాన్న ఇంటికి వస్తున్నాడంటే ముందు వాసన వచ్చేది. గ్రీజు, కాలిన ఇనుము, తలకి రాసుకున్న కొబ్బరినూనె. పెరట్లో రంపపు పొట్టూ బట్టల సబ్బూ కలిపి మోచేతులదాకా తోముకునేవాడు. ఆ తోముడు చప్పుడు వినగానే అమ్మ మూకుట్లో నెత్తళ్ళ చేపలు వేసేది. ఏళ్ళ తరబడి మోతలో ఉండి నాన్న చెవులు మందగించాయి. దానికి తోడు మాటలంటే విసుగొకటి పెరిగింది. అందుకని అన్నం దగ్గర కూడా క్రేను భాషే. వేలు పైకి తిప్పితే ఇంకో గరిటె. అరచెయ్యి చాపితే చాలు. చారు పోసేటప్పుడు వేలు కిందికి పెట్టి మెల్లగా తిప్పేవాడు, నెమ్మదిగా దించమని. అమ్మకి కోపం వస్తే రెండు చేతులూ అడ్డంగా చాపేది. అది ఎమర్జెన్సీ స్టాపు, ఆ పూట ఇక కూర లేదని అర్థం. ప్రార్థన ఒక్కటే నాన్న నోటితో చేసేవాడు. అదీ షెడ్డులో అరిచినట్టు, దేవుడు కూడా కింద ఎక్కడో మోతలో నిలబడి ఉన్నట్టు.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం నాన్న ఎత్తిన దూలం ఊగి సింహాచలం అనే హెల్పర్ని కొట్టింది. మోకాలి కింద ఎముక విరిగిపోయింది. ప్రాణం దక్కింది. అతను అటు తిరిగి ఉన్నాడు కాబట్టి ఏమీ చూడలేదు. తేలాల్సింది ఒక్కటే. అప్పలసామి మావయ్య చెయ్యి చూపించాక నాన్న క్రేను కదిపాడా, చూపించకముందే కదిపాడా. సిగ్నల్ లేనిదే క్రేను కదపరాదని ఆ షెడ్డు గోడ మీద బారెడు అక్షరాలతో రాసి ఉండేది. సిగ్నల్ లేకుండా కదిపాడని తేలితే నాన్నకి ఉద్యోగం పోవడమే కాదు, పోలీసు కేసు కూడా. చెయ్యి చూశాకే కదిపానని నాన్న అన్నాడు. మావయ్య కూడా ఆ గాభరాలో సేఫ్టీ ఆఫీసరుతో, ఊపాను బాబూ, మనిషి తప్పుకున్నాడనుకున్నాను అన్నాడట. కానీ అది నోటి మాట, సంతకం లేదు. హెడ్డాఫీసు నుంచి పెద్దవాళ్ళు వచ్చి విచారణ చేస్తారని, అప్పటిదాకా ఇద్దరినీ ఇళ్ళ దగ్గరే ఉండమన్నారు. నాన్న కనీసం పర్మనెంటు. మావయ్య కాంట్రాక్టు మనిషి. ఆయనది తప్పని తేలితే కాగితం కూడా అక్కర్లేదు, రేపట్నుంచి రాకు అంటే సరిపోతుంది.

ఇంట్లోకి భయం ఎలా వస్తుందో నేను అప్పుడే చూశాను. అరుచుకుంటూ రాదు. మొదట అన్నం దగ్గర నాన్న చేతులు ఆగిపోయాయి. అమ్మ ఎంత పెడితే అంత తినేవాడు, చాలని గానీ చాలదని గానీ చూపించేవాడు కాదు. అమ్మ గరిటె పట్టుకుని ఆ చేతుల వైపే చూస్తూ నిలబడేది. గేటు చప్పుడైతే ముగ్గురం ఒక్కసారే తలెత్తేవాళ్ళం. పోలీసులేమోనని అమ్మ కిటికీ తెరలోంచి ఒక కంటితో చూసేది. చివరికి పాలవాడికి కూడా అర్థమైపోయి గేటు మెల్లగా తియ్యడం నేర్చుకున్నాడు. దాంతో భయం ఇంకా పెరిగింది, చప్పుడు లేకుండా వచ్చేవాడెవడా అని. అప్పలసామి మావయ్య రావడం మానేశాడు. బజారులో ఎదురుపడితే ఇద్దరూ ఒకరి చేతి సంచిని ఒకరు చూసుకుని పక్కకి తప్పుకునేవాళ్ళు.

నేను డిగ్రీ సగంలో వదిలేసి, మద్దిలపాలెం బస్ డిపో ఎదురు సందులో, టైర్ల షాపు మేడ మీద ఉన్న ఒక యానిమేషన్ సెంటర్లో చేరాను. అక్కడ నేర్చుకునేవాళ్ళమూ మేమే, పనిచేసేవాళ్ళమూ మేమే. మేమంటే నేనూ, నూకరాజూ. అతనిది ఫిషింగ్ హార్బర్. తెల్లవారకముందే వేలం దగ్గర వాళ్ళ నాన్న బోటు చేపల బుట్టలు మోసి, స్నానం చేసి, ఎంత స్నానం చేసినా వదలని వాసనతో సెంటరుకి వచ్చేవాడు. అంత మోటు చేతుల్లోంచి వెంట్రుకలాంటి గీత వచ్చేది. పెళ్ళి క్యాసెట్లలో ఎగిరే గులాబీలు వేయడం, కేబుల్ టీవీ ప్రకటనల్లో చీరల షాపు పేరు గుండ్రంగా తిప్పడం మా పని. నేనైతే ఊళ్ళో హాలీవుడ్ పని చేస్తున్నానని చెప్పేవాణ్ణి.

ఒకరోజు హెల్మెట్ చంకలో పెట్టుకుని ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. మా షెడ్డులో ప్రమాదం ఎలా జరిగిందో బొమ్మల్లో చూపించాలి, మూడు నిమిషాలు చాలు, హెడ్డాఫీసు వాళ్ళకి తెలుగు కాగితాలు చదవడం రాదు అన్నాడు. ఏ షెడ్డో చెప్పాడు, మా నాన్నదే. ఆయనే ఆ సేఫ్టీ ఆఫీసరు. జరిగింది వరసగా తన చేత్తో రాసుకొచ్చాడు. నాలుగో వాక్యం, సిగ్నల్‌మాన్ కుడిచెయ్యి ఎత్తి హాయిస్ట్ సిగ్నల్ ఇచ్చును. హాయిస్ట్ అంటే ఎత్తమని. ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాను. ఆ పైనున్న ఆపరేటరు మా నాన్న అని అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఇంట్లోనూ చెప్పలేదు. క్రేన్లు నువ్వయితే బాగా గీస్తావని మా ఓనరు ఆ పని నాకే ఇచ్చాడు. ఎందుకు బాగా గీస్తానో ఆయనకేం తెలుసు. నూకరాజుకి ఒక్కడికే చెప్పాను. అతను కాసేపు గోళ్ళు కొరుక్కుని, "నువ్వు గీసినావని తెలిస్తే మీ నాన్న సెప్పిన నిజం కూడా అబద్దం అయిపోద్ది బావా. నోరు మూసుకోని గియ్యి" అన్నాడు.

నా మీద ఒట్టు, కాగితంలో ఉన్నది ఉన్నట్టే గీశాను. నాన్న క్రేనుని దేవదూతలా మెల్లగా నడిపించాలని చెయ్యి దురద పెట్టింది, ఆపుకున్నాను. ప్రేమంతా మావయ్య చేతి మీదే పెట్టాను. ఎందుకంటే మా బతుకు ఆ చేతిలో ఉంది. మిగతా మనుషులకి చేతులు చపాతీ కర్రల్లా వేసి, ఆ ఒక్క చేతికి మణికట్టు నరం కూడా గీశాను. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక సదుపాయం ఉండేది. ఏదైనా కదలిక మళ్ళీ మళ్ళీ రావాలంటే, దాన్ని విడిగా ఒక చిన్న క్లిప్పులో గీసుకుని తెచ్చి పెద్ద బొమ్మకి అతికించొచ్చు. ఇక అది గోడ గడియారంలా తనంతట తాను ఆడుతూ ఉంటుంది. క్రేను నెత్తిన తిరిగే ఎర్రలైటుని అలా చేశాను. మావయ్య చేతినీ అలాగే చేశాను. మొదటి బొమ్మలో చెయ్యి తొడ పక్కన వేలాడుతుంది, తర్వాత లేస్తుంది, తర్వాత చూపుడువేలు గిరగిరా తిరుగుతుంది. కంప్యూటర్లో ఆడించి చూస్తే ప్రాణం ఉన్నట్టే ఉంది. ఆ వేలు సూత్తంటే నాకే పైకెగరాలని ఉంది బావా అన్నాడు నూకరాజు.

షెడ్డులో విచారణ గదిలో కంప్యూటరు లేదు, టీవీ, సీడీ ప్లేయరు ఉన్నాయి. కాబట్టి బొమ్మల్ని వీడియో ఫైలుగా మార్చి సీడీ కొట్టి ఇవ్వాలి. ఇప్పుడు టీ మరిగేలోపు అయ్యే ఆ పని అప్పుడు మా కంప్యూటరు పెట్టెకి అయిదు గంటలు పట్టేది. మొదటిసారి గీత ముప్పావు దూరం వెళ్ళాక కరెంటు పోయింది. రెండోసారి పెట్టె వేడెక్కి, తెరంతా నీలంగా అయి చచ్చిపోయింది. ఆ పెట్టె మీద మేము ఆమ్లెట్టు వేసుకున్నామని నేను అందరికీ చెబుతుంటాను. నిజానికి గుడ్డు సగమే ఉడికింది. విచారణ మర్నాడు పదకొండింటికి. ఇక మిగిలింది ఒక్కటే ప్రయత్నం.

ఆ తెల్లవారుజామున నూకరాజు హార్బర్ నుంచి ఆటోలో ఒక చేపల పెట్టె నిండా చితక్కొట్టిన ఐసు తొక్కించుకుని వచ్చాడు. పొత్తిళ్ళలో పాపలా రెండు మెట్లకోసారి దింపుకుంటూ మేడెక్కించాం. కంప్యూటరు మూత ఊడదీసి, దాని ముందు ఐసు, ఐసు వెనక టేబుల్ ఫ్యాను. వాళ్ళమ్మ గంగమ్మ తల్లికి మొక్కి ఇచ్చిన నిమ్మకాయని అతను మానిటరు మీద పెట్టాడు. నేను ఇరవై మూడో కీర్తన చదివాను. చేపల కంపూ, కింది నుంచి టైర్ల రబ్బరు వాసనా, మధ్యలో ఆ నీలం గీత. కుర్చీ జరపకూడదు. స్విచ్చిలు ముట్టుకోకూడదు. మాట్లాడితే గీతకి వినపడుతుందేమో అన్నట్టు గుసగుసలాడుకున్నాం. వోల్టేజీ తగ్గినప్పుడల్లా ఫ్యాను గొంతు దిగేది. దానితో పాటు మా ఊపిరీ దిగేది. మళ్ళీ ఫ్యాను గొంతు పెరిగేదాకా ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం కాదు. ఎనిమిదింటికి టైర్ల షాపువాడు గాలి మిషను పెడితే లైటు ఒక్కసారి కునికింది, నేను గోడ పట్టుకుని కూలబడ్డాను. నూకరాజు పరుగున కిందికి వెళ్ళి ఆ షాపువాడి కాళ్ళు పట్టుకున్నంత పని చేసి మిషను ఆపించాడు. ఆ అయిదు గంటల్లో నాకు పోలీసు జీపు, నాన్న తల వంచుకుని ఎక్కడం, అమ్మ చేతిలో గరిటె, అన్నీ ఆ గీత చివర వరసగా నిలబడి ఎదురుచూస్తున్నట్టు కనపడ్డాయి.

పదింటికి గీత ఒడ్డు చేరింది. సీడీ కొట్టాం. పెట్టి చూస్తే అటు చివర నుంచి క్రేను ఇటు నడిచి వస్తోంది, ఎక్కడా తడబాటు లేదు. అర నిమిషం చూసి ఒకరినొకరు కావిలించుకున్నాం. చెయ్యి లేవాల్సింది రెండో నిమిషంలో. రెండో నిమిషందాకా మేము చూడలేదు. కింద మా ఓనరు స్కూటరు హారను మోగిస్తూనే ఉన్నాడు.

సీడీ ఇచ్చేసి పారిపోదామనుకున్నాను. ప్లేయరు సంగతి నాకు తెలీదు, నువ్వే వెయ్యి అని సేఫ్టీ ఆఫీసరు కూర్చోబెట్టాడు. పొడుగాటి బల్ల వెనక హెడ్డాఫీసు పెద్దాయన, తెలుగాయన కాదు, ఆయనకి అటూ ఇటూ నలుగురు. కాసేపటికి నాన్ననీ మావయ్యనీ పిలిచారు. నాన్న ఆదివారం తొడిగే తెల్లచొక్కా వేసుకొచ్చాడు. లోపలికి వస్తూ నన్ను చూశాడు. టీవీ పక్కన, చేతిలో రిమోటుతో. ఒక్క క్షణం ఆయన కనుబొమ లేచింది. ఆ తర్వాత నేనూ ఒక కుర్చీనే అన్నట్టు చూపు తిప్పేసుకున్నాడు. అంతా అర్థమైందని నాకు తెలిసింది. నా పేరు ఎవరూ అడగకూడదని లోపల దండం పెట్టుకుని బటను నొక్కాను.

క్రేను వచ్చింది. దూలం దగ్గర ఆగింది. గొలుసు తగిలించారు. మావయ్య బొమ్మ నిలబడి ఉంది. ఇప్పుడు లేస్తుంది అనుకున్నాను. లేవలేదు. నేను నరం కూడా గీసిన ఆ చెయ్యి తొడ పక్కన చచ్చిన పాములా వేలాడుతూనే ఉంది. వేలాడుతుండగానే క్రేను దూలాన్ని ఎత్తేసింది, అది ఊగింది, సింహాచలం బొమ్మ పడిపోయింది. పెద్దాయన ఆఫీసరు వైపు తిరిగి సిగ్నలేదీ అని హిందీలో అడిగాడు. ఆఫీసరు తన కాగితాలు తిరగేశాడు, నా వైపు చూశాడు, మళ్ళీ కాగితాలు తిరగేశాడు. పక్కనున్నాయన, కంప్యూటరు చేసింది కదా సార్, దానికి ఎవరి మీదా ప్రేమా ఉండదు, కోపమూ ఉండదు అన్నాడు. అందరూ తలలూపారు. ఆ రోజులు అలాంటివి. మనిషి అబద్ధమాడతాడు, పెట్టె ఆడదు.

నేను అప్పలసామి మావయ్య వైపు చూశాను. ఆయన మొదట టీవీని చూశాడు, తర్వాత తన కుడిచేతిని చూసుకున్నాడు, తర్వాత ఆ చేతిని ఎడమచేత్తో పట్టుకుని తల దించుకున్నాడు. టీవీ తనని వదిలేసిందని ఆయనకి తెలిసిపోయింది. నేను నోరు తెరవాలి. నా కంప్యూటర్లో ఆ చెయ్యి లేస్తుందని చెప్పాలి. చెప్తే నువ్వెవరంటారు, ఇంటిపేరు అడుగుతారు, ఆపరేటరు కొడుకు అబద్ధపు బొమ్మ గీశాడంటారు. చెప్పకపోతే నాన్న బయటికి వెళ్ళేది పోలీసులతోనే. పుట్టిన దగ్గర్నుంచీ అడక్కుండానే నోటికొచ్చే అబద్ధం ఒక్కటీ రాలేదు. అక్కడ కావాల్సింది నిజం, దాన్ని చెప్పే అలవాటు నాకు లేదు.

నాన్న టీవీ వైపు చెయ్యి చూపించాడు. ఇంకోసారి వెయ్యమన్నాడు. వేశాను. క్రేను దూలం ఎత్తడం మొదలుపెట్టగానే అరచెయ్యి అడ్డంగా చాపాడు. రిమోటు దానంతట అదే నొక్కుకున్నట్టు ఆపేశాను.

"ఆ ఎర్రలైటు సూడండి బాబూ," అన్నాడు. "క్రేను కదిలితే లైటు తిరగాల. అది నా సేతుల్లో నేదు, వైరింగే అలగుంటాది. పదేళ్ళలో లైటు తిరక్కుండా క్రేను అంగుళం కదల్నేదు. బొమ్మలో క్రేను కదిలింది, లైటు తిరగనేదు. లైటుని మింగేసిన బొమ్మ ఇంకేటేటి మింగేసిందో అడగండి."

నాకు అప్పుడు వెలిగింది. లైటు క్లిప్పులో ఉంది. చెయ్యి క్లిప్పులో ఉంది. వీడియోగా మార్చేటప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ పెద్ద బొమ్మలో గీసినవాటినే కదిలించి, క్లిప్పుల్లో పెట్టినవాటికి మొదటి బొమ్మ ఒక్కటే అతికించి ఊరుకుంది. చపాతీ కర్ర చేతులన్నీ కదిలాయి. నేను ముద్దుగా విడిగా పెట్టుకున్న చెయ్యే కదల్లేదు.

ఆఫీసరు నాన్న మాటల్ని హిందీలో చెప్పాడు. పెద్దాయన కుర్చీ నా వైపు తిప్పాడు. నీ కంప్యూటర్లో కదిలి ఇందులో కదలనివి ఏమున్నాయని అడిగించాడు. లైటు సార్ అన్నాను. ఇంకా, అన్నాడు. ఇంకా అంటే చెయ్యి. నేను ఆ మాట అంటే మావయ్య పని పోతుంది. ఆయన రబ్బరు చెప్పులు కనపడుతున్నాయి, ఒక దానికి వేరే రంగు పట్టీ. జాలిపడి ఆగానని రాసుకుంటే నాకు బాగానే ఉంటుంది. కానీ అది జాలి కాదు. నా ఇంటిపేరు బయటపడుతుందన్న వట్టి భయం. ఇంకా ఏమున్నాయయ్యా అని ఆఫీసరు గొంతు పెంచాడు. నేను రిమోటు వెనక మూత ఊడదీసి మళ్ళీ పెడుతున్నాను. నాన్న నా వైపు చూడలేదు. గోడ వైపు చూస్తున్నాడు.

కుర్చీ జరిగిన చప్పుడైంది. అప్పలసామి మావయ్య లేచాడు.

"కుర్రోణ్ణి ఒగ్గేయండి బాబూ. సెయ్యి నాను ఎత్తినాను," అన్నాడు. ఎత్తి చూపించాడు. మోచెయ్యి వంచి, చూపుడువేలు పైకి పెట్టి, గిరగిరా. నేను గీసినదానికంటే మెల్లగా తిరిగింది. ఆయన ఆపలేదు. ఆపమని ఎవరూ అనలేదు. బల్ల వెనక అయిదుగురూ ఆ వేలినే చూస్తున్నారు.

నాన్న గోడ మీంచి చూపు తియ్యకుండానే, "సాలు బావా, దించు" అన్నాడు.

వారం తిరక్కుండా నాన్న మళ్ళీ క్రేనెక్కాడు. మావయ్యని రావద్దన్నారు. నూకరాజు వాళ్ళ నాన్నతో చెప్పించి హార్బర్ ఐసు ఫ్యాక్టరీలో పనికి పెట్టించాడు. పదేళ్ళు మంటల పక్కన నిలబడిన మనిషి, ఆ తర్వాత ఏళ్ళన్నీ ఐసు దిమ్మలు దొర్లిస్తూ నిలబడ్డాడు. వేళ్ళ చివర్లు పగిలి తెల్లగా అయిపోయాయి. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక నాన్న రెండు బస్సులు మారి హార్బర్‌కి వెళ్ళేవాడు. ఇద్దరూ వలలు బాగుచేసేవాళ్ళ పక్కన కూర్చుని టీ తాగేవాళ్ళట. ఏం మాట్లాడుకునేవాళ్ళో తెలీదు. ఎందుకు చెప్పకుండా గీశావని గానీ, ఆ రోజు ఎందుకు నోరు తెరవలేదని గానీ నాన్న నన్ను ఎప్పుడూ అడగలేదు. అడుగుతాడని ప్రతి రాత్రీ అన్నం దగ్గర భయపడ్డాను. పోయేదాకా అడగలేదు.

ఇప్పుడు మా అమ్మాయి తరానికి ఆ గది సంగతి చెబితే నమ్మరు. ఒక వీడియో చూసి మనిషి బతుకు తేల్చేస్తారా, వీడియో ఎలా కావాలంటే అలా చేసుకోవచ్చు కదా అంటుంది అమ్మాయి. ఫోన్లో నిజంగా జరిగింది చూపించినా అబద్ధమేమో అంటుంది. అప్పట్లో మాకు బొమ్మ రాదేమోనని భయం, ఇప్పుడు ఏ బొమ్మైనా వచ్చేస్తుందని భయం. గీత పాకే వేగం పెరిగింది గానీ, దాని ముందు కూర్చున్నవాడి అరచేతులు నాకు తెలిసి అప్పటికీ ఇప్పటికీ వెచ్చబడలేదు. నావైతే వెచ్చబడలేదు.

ఈ కథ నేను చాలాసార్లు చెప్పాను. టీ కొట్టు దగ్గర, రైల్లో, ఆఫీసు విందుల్లో. ఇలా కాదు. నేను చెప్పేదాంట్లో ఆ గదిలో నేనే లేస్తాను. బల్ల గుద్దుతాను. నేను ఆపరేటరు కొడుకుని, అయితే ఏంటి, చెయ్యి లేస్తుంది, నా కంప్యూటర్లో చూపిస్తాను రండి అంటాను. పెద్దాయన కళ్ళద్దాలు జారి టీ కప్పులో పడతాయి. అందరూ నవ్వుతారు. నా పెళ్ళి రోజు చర్చి ఆవరణలో భోజనాల దగ్గర మా ఆవిడ వైపు వాళ్ళు కథ చెప్పమంటే ఇదే ఎత్తుకున్నాను. బల్ల గుద్దిన చోటికి వచ్చేసరికి, ఎదురు బంతిలో నాన్న పక్కన అప్పలసామి మావయ్య కనపడ్డాడు. ఎప్పుడొచ్చి కూర్చున్నాడో చూసుకోలేదు. తెల్లగా పగిలిన వేళ్ళతో అన్నం కలుపుతూ వింటున్నాడు. నాన్న ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. కథ అక్కడే ఆపేసి నీళ్ళ గ్లాసు అందుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నా మొహంలోకి చూస్తున్నారు.

మావయ్య కాస్త ముందుకి వంగాడు, ఆ విచారణ గదిలో తను ఎప్పుడూ లేనట్టు.

"ఊఁ, బల్ల గుద్దినావు," అన్నాడు. "తరవాత ఏటయింది బాబూ?"